జబ్బుతో బతుకుతూ మీకు అనుకోకుండా దొరికింది ఏమైనా ఉందా?

పొద్దుటిగంట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడమే తక్కువ.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి నాకు 11 ఏళ్లు. వయసుతో కీళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద పడుతుంది. ఉన్నవాళ్లకు తెలుసు, పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అవి తెరుచుకోవడానికి నాకు గంట పడుతుంది, ఒక్కోసారి గంటన్నర.

మొదటి మూడు నాలుగేళ్లు ఆ గంటంటే ఎంత కోపంగా ఉండేదో చెప్పలేను. ఇంట్లో అందరూ హడావుడిగా తిరుగుతుంటే నేను మంచం అంచున కూర్చుని గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని ఉండేదాన్ని. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. దాని జడ నేను వేయలేను. నా చొక్కా గుండీలే నేను పెట్టుకోలేను. ఒకరోజు అదే నా ముందుకొచ్చి నిలబడి నా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది, కింది నుంచి పైకి. పెడుతూ పెడుతూ క్లాసులో తనతో ఎవరు మాట్లాడటం మానేశారో, ఎందుకు మానేశారో చెప్పింది. ఆరు గుండీలకు పది నిమిషాలు పట్టింది. కావాలనే మెల్లగా పెడుతోందని నాకు నాలుగో గుండీ దగ్గర అర్థమైంది.

అంతకుముందు పొద్దున పూట నేను దానితో అన్న మాటలన్నీ లే, తోముకో, బ్యాగు సర్దుకో, టైమైంది, ఇంతే. నా చేతులు పనిలో ఉన్నంతకాలం దాని మాట నా చెవిన పడలేదు. చేతులు ఆగిపోయాక పడింది. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. ఈ వయసు పిల్లలు తల్లిదండ్రులతో నోరు విప్పరంటారు. మాది ఇప్పటికీ ఆ గంటలో నా పక్కన కూర్చుని అన్నీ చెబుతుంది.

జబ్బు మంచిదే అని నేను అనడంలేదు. కుడి మణికట్టు వంకర తిరిగింది. ప్రాణంగా చూసుకున్న కుట్టుపని పోయింది. కానీ ఆ గంట మాత్రం ఈ జబ్బు లేకపోతే నాకు దొరికేది కాదు. ఇన్నేళ్లకు ఈ మాట పైకి అనగలుగుతున్నాను.

మీకూ ఇలాంటిది ఏమైనా ఉందా?

సూదిమందు

అక్కా, నాలుగో గుండీ దగ్గర నేను చదవడం ఆపేసి కాసేపు కూర్చున్నాను.

నాది టైప్ 1 డయాబెటిస్. తొమ్మిదో ఏట వచ్చింది, ఇప్పుడు 33. ఇన్సులిన్ లేకపోతే మా బతుకే లేదు. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి దాదాపు మాన్పించి, ఎముకల గూడులా అయినా సరే మరికొన్ని నెలలు బతికించడమే వైద్యం. ఇన్సులిన్ రాకముందు నాకీ జబ్బు వచ్చుంటే పదో పుట్టినరోజు చూసేవాణ్ణి కాదేమో. ఈ లెక్క చిన్నప్పుడే తెలియడం వల్ల రోజంటే ఏమిటో నాకు తొందరగా తెలిసింది.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. నాకు దొరికింది ఆగడం.

షుగర్ 70 కంటే కిందికి పడితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకోవాలి, 15 నిమిషాలు ఆగాలి, మళ్లీ పరీక్ష చేసుకోవాలి. చెప్పడానికి తేలిక. ఆ 15 నిమిషాలు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కనబడిందల్లా తినేయమని ఒళ్లంతా అరుస్తుంది. తినేస్తే గంటలో షుగర్ ఆకాశానికి ఎక్కుతుంది. అందుకని గడియారం చూస్తూ కూర్చోవాలి. 24 ఏళ్లుగా అలా కూర్చుని కూర్చుని, ఒంట్లో పుట్టిన భయం చెప్పినట్టల్లా వినక్కర్లేదని నేర్చుకున్నాను. ఆఫీసులో అందరూ కంగారుపడే వేళ నేను పావుగంట ఆగగలను. అది నా స్వభావం అనుకుంటారు. స్వభావం కాదు, శిక్షణ.

ఇంకొకటి. ఏళ్ల తరబడి దాచాను. బాత్‌రూములోకి వెళ్లి సూది వేసుకునేవాణ్ణి. ఆరేళ్ల కిందట ఓ మీటింగులో నేను మాట్లాడుతుండగానే షుగర్ పడిపోయింది. మాట ముద్దగా అవుతోంది. ఆరోజు దాచే ఓపిక లేక, "నాకు షుగర్ పడిపోయింది, పావుగంట ఇవ్వండి" అని అందరి ముందూ మాత్రలు నమిలాను. సాయంత్రం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి, తనకు మూర్ఛ ఉందని, ఇక్కడ ఎవరికీ చెప్పలేదని, వస్తే ఏం చేయాలో నాకు నేర్పనా అని అడిగాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూడాలి, 5 నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలి. ఆరోజు నేర్చుకున్నాను. రెండుసార్లు అవసరపడింది.

నిశ్శబ్దగది

క్షమించండి, ఈ చర్చ నాకు కష్టంగా ఉంది. అయినా రాస్తున్నాను.

నాకు ఎంఈ/సీఎఫ్ఎస్, అంటే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. దీన్ని చాలామంది "అలసట" అంటారు. అలసట నిద్రపోతే తీరుతుంది. ఇది తీరదు. కొంచెం ఎక్కువ కదిలితే, ఒక్కోసారి కొంచెం ఎక్కువ మాట్లాడినా, ఒకటి రెండు రోజుల తర్వాత మొత్తం కూలిపోతాను. స్నానం చేసిన రోజు మెసేజీలు చదవను. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది, రోజుకో ముక్క.

ఉద్యోగం పోయింది. పెళ్లి నిలబడలేదు. అమ్మ పోయినప్పుడు ప్రయాణం చేయలేక వీడియోలో చూశాను. ఇందులో లాభం ఎక్కడుంది? నేను వెతకలేదనుకోకండి, తొమ్మిదేళ్లు వెతికాను. చుట్టాలు, డాక్టర్లు, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ వెతకమన్నారు. "అన్నీ మన మంచికే" అన్నారు. "నీకు ఏదో నేర్పడానికే ఇది వచ్చింది" అన్నారు. నాకు నేర్పడానికి మా అమ్మ చివరిచూపు లాక్కోవాల్సిన అవసరం ఏముంది?

లాభం దొరికినవాళ్ల మీద నాకు కోపం లేదు. దొరకనివాళ్లు సరిగ్గా జబ్బుపడలేదన్నట్టు చూడకండి. అదొక్కటే.

పొద్దుటిగంట

నిశ్శబ్దగది గారూ, మూడు రోజులు ఖర్చుపెట్టి రాశారు. మీ మాట చదివాక నా పోస్టు మళ్లీ చదువుకున్నాను. నాకు మందులు పనిచేస్తున్నాయి. వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ నా కీళ్లను చాలావరకు కాపాడింది. మీ జబ్బును నయం చేసే మందే ఇంకా రాలేదు. నేను నిలబడిన చోటు నుంచి నాకు ఆ గంట కనబడింది. ఆ తేడా ముందే చెప్పుండాల్సింది.

"అన్నీ మన మంచికే" అని నాకూ చెప్పారు. ఆ మాట అన్నవాళ్లెవరూ నా గుండీలు పెట్టలేదు.

పక్కకుర్చీ

నాకు జబ్బు లేదు, మా ఆవిడకు ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. రాయొచ్చో లేదో తెలియదు.

ఎక్కడో చదివాను, లాటరీ గెలిచినవాళ్లూ, ప్రమాదంలో నడక పోయినవాళ్లూ ఏడాది తిరిగేసరికి ఒకేలా సంతోషంగా ఉంటారట. మనసు అన్నిటికీ అలవాటుపడుతుందని. అది చదివి నాకు కొంత ధైర్యం వచ్చింది. నిజమేనా?

కదలిక

పక్కకుర్చీ గారూ, మీరు తప్పకుండా రాయొచ్చు. నేను ఫిజియోథెరపిస్టుని, 16 ఏళ్లుగా పునరావాస విభాగంలో పనిచేస్తున్నాను. మీరు చెప్పిన అధ్యయనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తలకిందులు చేసి చెప్పడం వల్ల నా పేషెంట్లు దెబ్బతినడం కళ్లారా చూశాను.

అది 1978 నాటిది. ఫిలిప్ బ్రిక్‌మన్, ఇంకో ఇద్దరు చేశారు. లాటరీ గెలిచినవాళ్లు 22 మంది, వెన్నెముక దెబ్బతిని చచ్చుబడినవాళ్లు 29 మంది, పోల్చడానికి మామూలు జనం 22 మంది. అంత చిన్నది. 0 నుంచి 5 వరకు సంతోషం ఎంత అంటే మామూలు జనానిది 3.82, ప్రమాదంలో గాయపడినవాళ్లది 2.96. అంటే ఒకేలా లేరు, తేడా స్పష్టంగానే ఉంది. అసలు ఆశ్చర్యం ఏమిటంటే, బయటివాళ్లు ఊహించుకునేంత అధ్వాన్నంగా వాళ్లు లేరు. 2.5 మధ్యబిందువు కదా, దానికి పైనే ఉన్నారు. ఈ చిన్న మాటను "అందరూ అలవాటుపడిపోతారు" అని సాగదీశారు. అప్పటి నుంచి బాధపడేవాణ్ణి చూసి "ఏడాదైందిగా, ఇంకా ఏమిటి" అనడానికి అదొక సాకైంది.

లాభం సంగతికొస్తే, మానసిక శాస్త్రంలో దీనికో పేరుంది, ఆఘాతం తర్వాతి ఎదుగుదల. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే ఇద్దరు 1996లో దాన్ని కొలవడానికి 21 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు కనబడటం, తనలో ఇంత బలముందా అనిపించడం, ఆధ్యాత్మికమైన మార్పు, బతుకు విలువ తెలియడం, ఈ ఐదింటి చుట్టూ ప్రశ్నలుంటాయి. ఆ ఇద్దరూ గట్టిగా చెప్పేదొకటుంది. ఎదుగుదల జరిగిన దాని వల్ల రాదు, దానితో చేసే పెనుగులాట వల్ల వస్తుంది. పైగా అది వచ్చినంత మాత్రాన బాధ పోదు. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున ఉంటాయి. రానివాళ్లు ఓడిపోయినట్టూ కాదు. మనిషి "నేను ఎదిగాను" అని చెప్పుకోవడానికీ నిజంగా మారడానికీ ఎంత సంబంధముందని పరిశోధకులే ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

నేను పనిలో చేరిన కొత్తలో పేషెంట్లకు ఈ ఎదుగుదల గురించి లెక్చరు ఇచ్చేదాన్ని. ఓ పెద్దావిడ, పక్షవాతంతో వచ్చిన ఆవిడ, ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ముందు నన్ను కూర్చోబెట్టు, తర్వాత చెప్పు" అంది. అప్పటి నుంచి ముందు కూర్చోబెడుతున్నాను.

నిశ్శబ్దగది గారూ, మీరు అన్నది పూర్తిగా నిజం.

రెండుచక్రాలు

కదలిక గారికి కృతజ్ఞతలు. ఆ 29 మందిని ప్రమాదం జరిగి ఏడాది లోపే అడిగారని కూడా చెప్పండి. నన్ను ఏడాది లోపు అడిగుంటే సున్నా అనేదాన్ని. ఇప్పుడు పదమూడేళ్లు. ఇప్పుడు అడిగితే మాత్రం నాలుగు అంటాను, ఎవరూ నమ్మరు.

నాకు వెన్నెముక టి10 దగ్గర, అంటే ఛాతీ వెనక పదో పూస దగ్గర, దెబ్బతింది. నడుము నుంచి కిందికి స్పర్శ లేదు, చేతులు బావున్నాయి. 15 నుంచి 30 నిమిషాలకొకసారి చేతుల మీద ఒంటిని పైకి లేపాలి, లేదా ముందుకు వంగాలి, లేకపోతే తెలియకుండానే పుండ్లు పడతాయి. నొప్పి తెలియని ఒంటికి నేనే కాపలా. ఇదంతా చూసినవాళ్లు "నీ స్థానంలో నేనుంటే బతకలేను" అంటారు, మెచ్చుకోలుగానే. వాళ్లకు తెలియకుండా నా బతుకు బతకదగ్గది కాదని నా ముఖం మీదే చెబుతున్నారు.

1999లో గ్యారీ ఆల్బ్రెక్ట్, పాట్రిక్ డెవ్లీగర్ 153 మంది వికలాంగులతో మాట్లాడారు. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా, 54 శాతం, తమ జీవితం బాగుంది లేదా చాలా బాగుంది అన్నారు. దీన్ని వైకల్య వైచిత్రి అని పేరుపెట్టి రాశారు. వైచిత్రి ఎవరికి? బయట నిలబడి చూసేవాళ్లకు.

నాకు దొరికింది ఒక ర్యాంపు. నిజంగానే సిమెంటు ర్యాంపు. మా లైబ్రరీకి నాలుగు మెట్లు. ఏడు నెలలు ఉత్తరాలు రాశాను. "మీరొక్కరే కదా అడిగేది" అని జవాబొచ్చింది, ఆ కాగితం ఇంకా ఉంది. చివరికి కట్టారు. మొదటి రోజు నేను కింద ఆగి చూస్తుండగా నాకంటే ముందు పసిబిడ్డను తోపుడుబండిలో పెట్టుకున్న తల్లి ఎక్కింది. తర్వాత చేతికర్రతో ఒక పెద్దాయన. తర్వాత పుస్తకాల పెట్టెలు తెచ్చిన కుర్రాడు, ట్రాలీతో. నేను నాలుగోదాన్ని. ముందు నేనొక ఇంజినీరుని, ఎవరి మెట్లు ఎలా ఉన్నాయో పట్టించుకోని మనిషిని. పదమూడేళ్లలో ఇలాంటివి పదకొండు కట్టించాను.

ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన 1953లో 14 ఏళ్లకు పోలియో వచ్చి మెడ కింద నుంచి చచ్చుబడ్డాడు. రాత్రుళ్లు ఇనుప ఊపిరితిత్తి అనే శ్వాస యంత్రంలో పడుకునేవాడు. అదే మనిషి 1962లో బర్క్లీ విశ్వవిద్యాలయంలో చేరి, వికలాంగులు ఎవరి దయ మీదా ఆధారపడకుండా బతికే ఉద్యమానికి పునాది వేశాడు. ఆయన్ను అందరూ స్ఫూర్తి అంటారు. నాకైతే ఆయన పని నేర్పినవాడు.

కొత్తగావచ్చాను

నాకు 22. మూడు వారాల కిందట లూపస్ అన్నారు, మన రక్షణ వ్యవస్థే మన ఒంటి మీద పడే జబ్బట. గూగుల్‌లో చదివి భయమేసి ఇక్కడికొచ్చాను. మీరందరూ ఏళ్లు ఏళ్లు అంటుంటే నాకు ఊపిరాడట్లేదు. నాకు లాభం ఏమీ వద్దు. పాత నేను కావాలి. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?

ఎండనీడ

తల్లీ, నువ్వు ఏ తప్పూ ఆలోచించట్లేదు. మూడు వారాలకు లాభం ఎవరు వెతుకుతారు? నాకు లూపస్ వచ్చి 14 ఏళ్లు. మొదటి ఏడాది నేను చేసిందల్లా ఏడవడం, మందులు వేసుకోవడం. ఆ రెండూ చాలు.

ఇప్పటికి నీకు అవసరమైనవి చెబుతాను. హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసుంటారు. అది పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది, పనిచేయట్లేదని నీ అంతట నువ్వు ఆపేయకు. మొదలుపెట్టిన కొత్తలో కంటి డాక్టరు చేత రెటీనా పరీక్ష చేయించుకో, తర్వాత ఎంతకాలానికొకసారో వాళ్లే చెబుతారు. మూత్ర పరీక్ష ఎందుకు ఊరికే చేస్తున్నారని విసుక్కోకు, ఈ జబ్బు మూత్రపిండాల మీదికి నొప్పి లేకుండా పోతుంది, ముందుగా చెప్పేది ఆ పరీక్షే. ఎండ నిజంగానే జబ్బును రేపుతుంది. మబ్బు పట్టిన రోజైనా ఒళ్లు కప్పుకో, సన్‌స్క్రీన్ రాసుకో. గూగుల్‌లో పాత లెక్కలు చదవకు. ఒకప్పటి లూపస్, ఇప్పటి లూపస్ ఒకటి కావు.

ఓపిక సంగతి ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలో తెలియక నేను చాలా నలిగిపోయాను. మనలాగే లూపస్ ఉన్న క్రిస్టీన్ మిసెరాండినో అనే అమ్మాయి 2003లో చెంచాలతో చెప్పింది. హోటల్లో కూర్చున్న స్నేహితురాలి చేతిలో చెంచాలు పెట్టి, ఇవి ఈరోజు నీ ఓపిక, లేచి తయారవడానికి ఒకటి పోయింది, రైల్లో నిలబడితే ఇంకోటి, అని ఒక్కొక్కటీ తీసేసుకుంది. మా ఆయనకు నేను అలాగే చేసి చూపించాను. మధ్యాహ్నం రెండింటికి ఆయన చేతిలో ఒక్క చెంచా మిగిలింది. దాన్ని చాలాసేపు చూశారు. ఆ సాయంత్రం నుంచి "ఎలా ఉన్నావు" అని అడగడం మానేసి "ఎన్నున్నాయి" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పాలనిపించదు.

పాత నువ్వు కావాలన్నావు. నాకూ ఇప్పటికీ అప్పుడప్పుడు కావాలనిపిస్తుంది. 14 ఏళ్ల తర్వాత కూడా. అనిపిస్తే సిగ్గుపడకు.

ఆరుచుక్కలు

నేను స్క్రీన్ రీడర్‌తో వింటూ రాస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రాత్రిచూపు పోయింది, తర్వాత చుట్టుపక్కల చూపు, ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు అయింది. 34కు ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. చూపు పోతే చెవులు వాటంతటవే పదునెక్కుతాయని అందరూ అంటారు. వాటంతటవి ఏమీ ఎక్కవు. కర్ర చప్పుడు గోడకు తగిలి వచ్చినప్పుడూ ఖాళీలోకి పోయినప్పుడూ ఎలా మారుతుందో రెండేళ్లు రోజూ సాధన చేస్తే తెలిసింది. చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు బ్రెయిలీ చదువుతున్నప్పుడు మెదడులో చూపుకు సంబంధించిన భాగం పనిచేస్తుందని 1996లో తేల్చారు. నాలా పెద్దయ్యాక పోయినవాళ్లకు వేళ్లు మొండికేస్తాయి. ఆరు చుక్కలు, 63 గుర్తులు. మొదట్లో ఒక పేజీకి నాకు గంటకు పైగా పట్టేది. వేలికింద అంతా ఇసుక గరుకులా ఉండేది.

లూయీ బ్రెయిలీకి మూడేళ్ల వయసులో వాళ్ల నాన్న తోలుపని చేసే చోట, తోలుకు కంతలు పొడిచే ఆర కంట్లో పొడుచుకుంది. ఆ పుండు చీము పట్టి రెండో కంటికీ పాకింది. 1824కల్లా, 15 ఏళ్లకు, ఈ లిపి తయారుచేశాడు. ఆర లాంటి మొనతోనే కాగితం మీద చుక్కలు పొడుస్తారు. నాకది కథలా అనిపించేది, నా చేతిలోకి ఆ పుల్ల వచ్చేవరకు.

ఇప్పుడు అసలు సంగతి. మా బాబుకు నాలుగేళ్లు. వాడి ముఖం నేను చూడలేదు. ఆ లోటును పూడ్చేది ఏదీ లేదు, నిశ్శబ్దగది గారి అమ్మ చివరిచూపు లాంటిదే అది కూడా. అయితే రాత్రి పడుకునేటప్పుడు అందరి ఇళ్లలోనూ కథ అయిపోయాక లైటు ఆర్పుతారు. మా ఇంట్లో లైటు ఆర్పాక కథ మొదలవుతుంది. పుస్తకం నా పొట్ట మీద ఉంటుంది, వాడి తల నా భుజం మీద ఉంటుంది, చీకట్లో నేను వేళ్లతో చదువుతాను. వాడు నా చూపుడువేలి మీద తన వేలు ఆనించి పెడతాడు, కథ ఎటు పోతోందో దాంతో పాటు పోవడానికి. వేలు బరువెక్కి జారిపోయినప్పుడు నిద్రపోయాడని నాకు తెలుస్తుంది. మొన్న వాడు వాళ్లమ్మను అడిగాడట, "నువ్వెందుకమ్మా చీకట్లో చదవలేవు?" అని.

సూదిమందు

ఇది మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

పక్కకుర్చీ

లాటరీ సంగతి సరిచేసినందుకు కృతజ్ఞతలు. ధైర్యం తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

నాకు దొరికింది చిన్నదే. ఎంఎస్‌లో ఒంటి వేడి కొంచెం పెరిగినా నరాల మీద సంకేతాలు మందగిస్తాయి. కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది, చల్లబడ్డాక మళ్లీ సర్దుకుంటుంది. కొత్తలో నాకది తెలియక, ఆవిడ కాస్త తూలినా పరిగెత్తి పట్టుకునేవాణ్ణి, చేతిలో పని లాక్కునేవాణ్ణి. ఒకరోజు ఆవిడ గట్టిగా అంది, "పడతానేమో అని నువ్వు నన్ను నిలబడనివ్వట్లేదు." పద్దెనిమిదేళ్ల కాపురంలో అలా ఎప్పుడూ అనలేదు. అప్పటి నుంచి ముందు అడుగుతున్నాను, పట్టుకోనా, వద్దా అని. వద్దంటే ఆగుతున్నాను. ఆగడం పట్టుకోవడం కన్నా కష్టం. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడకు ఏం కావాలో ఆవిడనే అడగడం అప్పుడే మొదలైంది.

నిశ్శబ్దగది

వారం అయింది. కొత్తగావచ్చాను కోసం వచ్చాను.

నా మనసు మారలేదు. నాకు లాభం ఏమీ లేదు, వెతకడం మానేశాను. మానేశాక కొంచెం నయంగా ఉంది.

నీకు ఒక్కటి చెప్పాలి. నీ జబ్బు నా జబ్బు కాదు, కానీ ఓపిక విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. బావున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ చేసేయాలనిపిస్తుంది. చేయకు. సగం దగ్గర ఆగిపో. నేను మొదటి రెండేళ్లు బావున్న ప్రతి రోజూ పరిగెత్తాను, ఆ తర్వాతి వారం మంచం మీద గడిపాను, అలా కిందికి కిందికి వెళ్లాను. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఏం చేశావు, ఎంతసేపు, రెండు రోజుల తర్వాత ఎలా ఉంది, ఈ మూడూ రాయి. నెల తర్వాత తిరగేస్తే నీ హద్దు నీకే కనబడుతుంది. డాక్టరుకు కూడా అది చూపించు. "నాకు అలసటగా ఉంది" అంటే పది సెకన్లు వింటారు. నోట్‌బుక్ తెరిస్తే చదువుతారు.

కూర్చుని చేయగలిగినవి కూర్చుని చెయ్యి. పళ్లు తోముకోవడం కూడా.

కదలిక

నిశ్శబ్దగది గారూ, ఈ పోస్టును నా పేషెంట్లకు మీ పేరు లేకుండా చదివి వినిపించవచ్చా?

నిశ్శబ్దగది

చదవండి.

కొత్తగావచ్చాను

అందరివీ చదివాను. కొన్ని రెండుసార్లు. నిశ్శబ్దగది అక్కా, మీరు అక్క అనొచ్చంటేనే, మీరు చెప్పినట్టు నోట్‌బుక్ మొదలుపెట్టి ఐదు రోజులైంది. ఆదివారం బావుందని గది మొత్తం సర్దాను. మంగళవారం దగ్గర "లేవలేదు" అని ఒక్క మాట రాసుంది. పక్కపక్కన చూసేసరికి అర్థమైంది.

అమ్మానాన్నలకు చెంచాలు చూపించాను. నాన్న ఏడ్చారు, నేను మొదటిసారి చూడటం.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ప్రశ్నలు రాసుకున్నాను: రెటీనా పరీక్ష ఎప్పుడు, మూత్రంలో ప్రొటీన్ ఎంతుంది, మళ్లీ కాలేజీకి ఎప్పుడు వెళ్లొచ్చు. పాత నేను ఇంకా కావాలి. అది ప్రశ్నల్లో రాయలేదు.

ఎండనీడ

నాలుగోది కూడా రాసుకో: జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ నంబరుకు. రాత్రి పూట పనికొచ్చేది ఆ జవాబే.

పొద్దుటిగంట

వెళ్లొచ్చాక రాయమ్మా, ఎంత రాత్రయినా సరే. ఎల్లుండి పొద్దున నా వేళ్లు తెరుచుకునేలోపు మా అమ్మాయి చదివి వినిపిస్తుంది. నీ గురించి చెప్పాను, నిన్నటి నుంచి "ఆ అక్క రాసిందా" అని రెండుసార్లు అడిగింది.